కొత్త ఊళ్లో నలుగురినీ కలపడానికి నేనే ముందుకు రావాలా?

ఒంగోలు నుంచి ప్రశ్న పంపిన అమ్మాయికి నమస్కారం. మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందుగా చెబుతాను. మీరు హైదరాబాదు నుంచి వచ్చి ఏడాదిన్నర అయింది. మంగమూరు రోడ్డు వైపు 45 ఫ్లాట్లున్న అపార్ట్‌మెంటులో ఉంటున్నారు. లిఫ్టులో ఒక చిరునవ్వు తప్ప ఎవరితోనూ మాటల్లేవు, వాట్సాప్ గ్రూపులో మోటారు, చెత్తబండి, పార్కింగు గొడవలు తప్ప ఇంకేమీ ఉండవు. ఎవరైనా ఏదైనా మొదలుపెడితే చేరుదామని ఇన్నాళ్లూ చూశారు, ఎవరూ మొదలుపెట్టలేదు. ఇప్పుడు మీరే ముందుకు రావాలా అని అడుగుతూ మూడు సందేహాలు చెప్పారు: మాట్లాడే చొరవ మీకు లేదని, ముందుకొస్తే పెత్తనం అనుకుంటారని, మీ ఒంటరితనం పోగొట్టుకోవడానికి పదిమందిని పోగుచేయడం స్వార్థమేమోనని.

మొదలుపెట్టండి అన్నదే నా సమాధానం. నేను జిల్లా ఖజానా శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. నెల్లూరులో పెన్నకు దగ్గరగా ఉన్న ఒక కాలనీలో 2022 జనవరి నుంచి ఆదివారం సాయంత్రపు కూడిక ఒకటి నడుస్తోంది, దాన్ని మొదలుపెట్టింది నేనే. మొదటి రెండేళ్లు దాన్ని తప్పుగా నడిపాను కాబట్టి, ఈ సమాధానంలో సలహాల కంటే నా పొరపాట్లే ఎక్కువగా కనిపిస్తాయి.

మూడో సందేహాన్ని ముందు తీసుకుంటాను. లండన్ శివార్లలోని బుషీ పార్కులో 2004 అక్టోబరు 2న, ఒక శనివారం ఉదయం, పాల్ సింటన్-హ్యూవిట్ అనే ఆయన 5 కిలోమీటర్ల పరుగు ఒకటి ఏర్పాటు చేశాడు. అప్పటికి ఆయన గాయపడి, పరుగెత్తలేని స్థితిలో ఉన్నాడు. తోటి పరుగువాళ్లకు దూరమైపోతానన్న బెంగతో, కనీసం వాళ్ల టైము రాసిపెట్టే పనైనా తీసుకుంటే వారానికోసారి కలవవచ్చునని అనుకున్నాడు. ఆ రోజు పరుగెత్తింది 13 మంది. గీత దాటినవాళ్లకు ఇచ్చిన టోకెన్లు హార్డ్‌వేర్ కొట్లో దొరికే వాషర్లు. అదే ఇవాళ పార్క్‌రన్ అనే పేరుతో అనేక దేశాల్లో, స్థానిక వాలంటీర్ల చేతుల మీదుగా నడుస్తోంది. తనకు మనుషులు కావాలి కాబట్టి ఆ మనుషులకు పనికొచ్చే ఒక చిన్న పనిని ఆయన చేతిలోకి తీసుకున్నాడు, దానివల్ల ఎవరికీ నష్టం జరగలేదు. మీ స్వార్థం కూడా ఆ కోవలోదే కాబట్టి దాని గురించి నిద్ర పాడు చేసుకోవద్దు.

నేను మొదలుపెట్టిన కారణం అంత ముచ్చటైనది కాదు. 2021 నవంబరులో సోమశిల జలాశయం నుంచి వదిలిన నీటితో పెన్న పొంగి నెల్లూరు, కోవూరు ప్రాంతాలను ముంచెత్తింది. పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారి తెగింది. మా వీధిలో మోకాటి లోతు నీళ్లు నిలిచి, కరెంటు పోయిన ఆ మూడు రోజులూ మా ఎదురింటి మేడమీద ఉండే పెద్దాయన ఇన్సులిన్ లేక అవస్థ పడ్డాడు. ఆ సంగతి మాకు నాలుగో రోజున, నీళ్లు తీసిన తర్వాత, పాలు పోసే అబ్బాయి చెబితే తెలిసింది. మా ఆవిడ వాడేదీ ఇన్సులినే, ఆ మూడు రోజులూ అది కుండలో నీళ్ల మధ్య గిన్నెలో పెట్టి మా ఇంట్లో భద్రంగానే ఉంది. మా రెండిళ్ల నడుమ రోడ్డు వెడల్పు 20 అడుగులు. తొమ్మిదేళ్లలో నేను ఆ రోడ్డు దాటి వాళ్ల మెట్లెక్కలేదు. ఆయనకు ప్రాణానికి ఏమీ కాలేదు, కానీ ఎదురుగా కనిపించినప్పుడల్లా నాకు తల ఎత్తుకోబుద్ధి అయ్యేది కాదు.

సంక్రాంతి వెళ్లిన తర్వాతి ఆదివారం, సాయంత్రం 5 గంటలకు, మా కాలనీవాళ్లు ఎప్పుడో కట్టించి తాళం వేసి వదిలేసిన ఒక గది వరండాలో కూడిక అని ఇంటింటికీ వెళ్లి చెప్పాను. టెంట్ హౌస్ నుంచి 30 కుర్చీలు తెప్పించి, మూడు వరసలుగా వేయించి, వాటికి ఎదురుగా నాకొక బల్ల వేసుకున్నాను. వచ్చింది ఆరుగురు. ఆరుగురూ చివరి వరసలోనే కూర్చున్నారు. అందులో ఒకాయన లేచి, “చీటీలేమన్నా పెడతాండారా సార్?” అని అడిగాడు. ఆయన తప్పేమీ లేదు. కుర్చీలు వరసగా, బల్ల ఎదురుగా ఉంటే ఎవరికైనా అది చీటీ పాటలాగానో, పార్టీ మీటింగులాగానో కనిపిస్తుంది.

తర్వాతి వారం ఎనిమిది కుర్చీలే తెప్పించి, వాటినీ వేయించకుండా గోడకు ఆనించి ఒకదానిలో ఒకటి పేర్పించి ఉంచాను. వచ్చిన మొదటి మనిషి ఒక కుర్చీ లాక్కున్నాడు. కుర్చీలు ఒకదానిలో ఒకటి బిగుసుకుపోయి ఉంటాయి కదా, ఊడదీసేటప్పుడు రెండోది కూడా చేతికొచ్చింది. దాన్ని వెనకాల వస్తున్న ఆవిడకు వేశాడు. ఆవిడ పక్కింటి పిల్లవాడికి ఇంకొకటి లాగింది. పది నిమిషాల్లో వరసలు లేకుండా ఒక వంకరటింకర గుండ్రం తయారైంది, ముందు ఎవరో వెనక ఎవరో తెలియని గుండ్రం. అప్పటి నుంచి ఇప్పటిదాకా మేము ముందుగా కుర్చీలు వేయలేదు. ఇది చిన్న విషయంగా అనిపించవచ్చు గానీ, ఈ నాలుగైదేళ్లలో నేను సరిగ్గా చేసిన మొదటి పని అదే.

కూడికలో పెద్ద కార్యక్రమమేమీ ఉండదు. ఒకరు పావుగంట తన పని గురించి చెబుతారు. రొయ్యల చెరువుల మీద పనిచేసే ఒకాయన తెల్లమచ్చల వ్యాధి వస్తే చెరువుకు ఏమవుతుందో, రాత్రివేళ చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే ఎందుకు గుండె ఆగినంత పనవుతుందో చెప్పాడు. మా వీధి దర్జీ పాత చొక్కా చూసి మనిషి ఏ చేత్తో బరువు మోస్తాడో ఎలా తెలుస్తుందో చూపించాడు. ఆ తర్వాత టీ, పిల్లల చదువులు, నీళ్ల సంగతి, ఎవరింట్లో ఎవరికి బాగాలేదు అన్న మాటలు. ఏడాది తిరిగేసరికి పాతికమంది దాకా వచ్చేవారు.

అసలు పొరపాటు ఇక్కడే జరిగింది. గది ఊడ్చేది నేను, తాళం తీసేది నేను, టీ తెచ్చేది నేను, శనివారం రాత్రి ఫోన్లు చేసేది నేను. ఖజానా శాఖ అలవాటు కొద్దీ టీ డబ్బులకు కూడా వోచరు రాసిపెట్టేవాణ్ణి. అందరూ మెచ్చుకునేవారు, నాకది బాగానే ఉండేది. 2023 చివర్లో పిత్తాశయం ఆపరేషన్ కోసం బెంగళూరులో మా అమ్మాయి దగ్గరికి వెళ్లి అయిదు వారాలు ఉండిపోయాను. తిరిగి వచ్చి చూస్తే వరండాలో మూలన ఎండుటాకులు, తాళానికి సాలెగూడు. దర్జీ దగ్గరికి వెళ్లాను. “ఎట్టుండారు సార్? మనోళ్లు కూడలా. తాళాలు మీ కాడే గదా ఉండేది” అన్నాడు. ఆ మాటలో నిష్ఠూరం లేదు, ఉన్న సంగతి చెప్పాడు. మా ఇంటికొచ్చి మా కోడలిని తాళాలు అడగాలని పాతికమందిలో ఒక్కరికీ తోచలేదు, తోచకుండా చేసింది నేనే. రెండేళ్లపాటు వాళ్లను చుట్టాలుగా చూసి మర్యాద చేశాను. చుట్టం వంటింట్లోకి వెళ్లి డబ్బా మూత తీయడు కదా.

ఆ వారమే తాళంచెవులు ఇంకో రెండు చేయించి, ఒకటి దర్జీకి, ఒకటి ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే ఒకావిడకు ఇచ్చాను. టీ ఒక నెల ఒకరిది, మరో నెల మరొకరిది. ఫోన్లు ముగ్గురు పంచుకున్నారు. అప్పటిదాకా నన్ను “సార్” అని దూరం నుంచి పలకరించినవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. పాలు ఎక్కడ బాగుంటాయి, గ్లాసులు ఎవరి దగ్గర ఉన్నాయి అన్న పనిమాటలతో మొదలై అవి ఇంటిమాటల్లోకి వెళ్లాయి. టీ మునుపటి అంత బాగుండదు. ఒక నెల మరీ పంచదార పాకంలా ఉండేది, ఎవరూ ఏమీ అనలేదు.

కాబట్టి అమ్మా, ముందుకు రావడమంటే పనులన్నీ నెత్తినేసుకోవడమని అనుకోకండి. మొదటి నెల రోజులు తప్పదు, ఆ తర్వాత మీ అసలు పని ఇతరులను పని అడగడం. అది గ్రూపులో “ఎవరైనా టీ సంగతి చూడగలరా” అని అడిగితే జరగదు, ఎవరైనా అన్నది ఎవరికీ తగలని మాట. ఒక్కరి దగ్గరికి వెళ్లి, ముఖం చూసి, “ఈ నెల నాలుగు ఆదివారాలూ టీ మీది, ఎక్కడ తెస్తారో ఎలా తెస్తారో మీ ఇష్టం” అనండి. పని ఎంతో, ఎప్పటిదాకానో తెలిస్తే మనుషులు ఒప్పుకుంటారు. కుదరదన్నవారిని ఇంకోసారి ఇంకో పనికి అడగండి, నొచ్చుకోకండి. కొత్తగా వచ్చినవారికి మూడోసారి వచ్చేసరికి ఏదో ఒక పని చేతిలో పెట్టడం మా అలవాటు. మా ఊళ్లో బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో ఏటా మొహర్రం రోజుల్లో జరిగే రొట్టెల పండుగ గురించి మీరు వినే ఉంటారు. ఒక ఏడు కోరికతో రొట్టె పుచ్చుకున్నవారు, అది తీరితే మళ్లీ వచ్చి అదే కోరిక ఉన్న మరొకరికి రొట్టె ఇస్తారు. నీళ్లలో నిలబడి రొట్టె మార్చుకునే ఇద్దరూ ఒకరికొకరు ముక్కూమొహం తెలియనివాళ్లే. పుచ్చుకున్నవారికి ఇచ్చే వంతు రావాలన్న సంగతి చిన్నప్పటి నుంచీ కళ్లముందు చూస్తూ కూడా నా కూడికలో దాన్ని అమలు చేయడానికి నాకు ఒక ఆపరేషన్ కావలసి వచ్చింది.

ఇంకొక మాట. సంఘం నడపడం గురించి మీ అపార్ట్‌మెంటులో అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషి బహుశా అక్కడ ఇళ్లలో పనిచేసే స్త్రీలలో ఉండవచ్చు. డ్వాక్రా గ్రూపులో పదేళ్లు ఉన్న ఎవరినైనా అడిగి చూడండి. పది పదిహేనుమంది సభ్యులు, ఇద్దరు లీడర్లు ఉంటారు. తప్పని సమావేశం, తప్పని పొదుపు, లోపల్లోపల అప్పులు, వేళకు తిరిగి కట్టడం, పుస్తకం రాయడం, ఈ పంచసూత్రాలు వాళ్లకు నోటికి వచ్చు. మన జిల్లాలకు ఇది పరాయి విద్య కాదు. 1990 తర్వాత నెల్లూరు జిల్లాలో సాగిన సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమంలో ఊరూరా రాత్రి బడులు నడిచాయి. దూబగుంట ఆడవాళ్లు అలా రోజూ ఒకచోట కూర్చుని చదువుకుంటూ, తమ ఇళ్లను గుల్ల చేస్తున్న సారా గురించి మాట్లాడుకుంటూ, చివరికి ఊళ్లో సారా అమ్మకాన్నే ఆపించారు. ఆ ఉద్యమానికి ముఖంగా నిలిచిన వర్ధినేని రోశమ్మ గారిని జనం దూబగుంట రోశమ్మ అనే పిలిచారు. అది రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం దాకా వెళ్లింది. ఆ తర్వాత అదే ఆడవాళ్లు రోజుకో రూపాయి చొప్పున పొదుపులక్ష్మి అనే పొదుపు పథకంలో కట్టారు. వాళ్లు ముందుగా కలిసింది అక్షరాలు దిద్దుకోవడానికన్నది గమనించండి. రోజూ ఒకే వేళకు, ఒకే చోట, ఒక చిన్న పని మీద కూర్చోవడం అలవాటయ్యాకే పెద్ద మాట నోటికొచ్చింది. మీరు కూడా “మన అపార్ట్‌మెంటులో ఐక్యత” అనే పేరుతో పిలవకండి, ఆ పేరుకు ఎవరూ రారు. మొక్కలు మార్చుకోవడమో, పిల్లలకు కథలు చెప్పడమో, సాయంత్రం నడకో, ఏదో ఒక చేతిపని పేరుతో పిలవండి.

పెత్తనం అంటారన్న భయం గురించి. ఒకరిద్దరు అంటారు, అననివ్వండి. పెత్తనం చేసేవాడు ఇతరుల సంగతులు తాను తేలుస్తాడు. మీరు తేల్చవలసింది వేళ, చోటు, ఈ రెండే. అవి కూడా మొదటి రోజే “ఆరు నెలలు నేను చూస్తాను, ఆ తర్వాత ఇంకొకరు చూడాలి” అని చెప్పి మొదలుపెట్టండి. గడువు వినగానే సగం అనుమానాలు సర్దుకుంటాయి. నేను ఈ మాట రెండేళ్లు ఆలస్యంగా చెప్పాను.

మాట్లాడే చొరవ లేకపోవడం ఈ పనికి అడ్డం కాదు, నిజానికి వాగుడుకాయలు నడిపే కూడికలు త్వరగా పలచబడతాయి. మీకు కావలసింది ఒక చిన్న నోటుపుస్తకం. ఎవరు ఏమన్నారో ఇంటికొచ్చి ఒక్క ముక్క రాసుకోండి: ఫలానా ఫ్లాటులో అత్తగారికి మోకాలి ఆపరేషన్, ఫలానా అబ్బాయికి పాలిటెక్నిక్ పరీక్ష. తర్వాతి వారం “పరీక్ష ఎలా రాశాడు?” అని ఒక్క మాట అడిగితే చాలు, అంతకు మించిన వాక్చాతుర్యం నేనూ ఎరగను.

ఫలితం ఎప్పుడు కనిపిస్తుందన్నది మీరు అడగలేదు గానీ, ఎక్కువమంది విరమించేది అక్కడే కాబట్టి చెబుతాను. అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హాల్ అనే పరిశోధకుడు కొత్త ఊళ్లకు మారినవాళ్లను, కాలేజీలో కొత్తగా చేరినవాళ్లను అడిగి 2018లో లెక్కకట్టిన ప్రకారం, ముఖపరిచయం మామూలు స్నేహంగా మారడానికి కలిసి గడిపిన సమయం సుమారు 50 గంటలు, స్నేహితులం అనుకోవడానికి సుమారు 90, ఆప్తులు కావడానికి 200 గంటలకు పైగా పట్టింది. ఉద్యోగంలో పక్కపక్కన గడిపిన గంటలకు అంత బలం లేదని కూడా తేలింది. వారానికి గంటన్నర చొప్పున 50 గంటలు కావాలంటే ఎనిమిది నెలలు. అంటే ఆరో వారానికే “ఎవరితోనూ దగ్గర కాలేదు” అని దిగులుపడటం, పాలు తోడేసిన అరగంటకే గిన్నె వంచి చూడటం లాంటిది. నెలకోసారి పెద్ద విందు కంటే వారానికోసారి చిన్న కూడిక ఎందుకు మేలో కూడా ఈ లెక్కే చెబుతుంది.

కొన్ని చిల్లర విషయాలు. ఆదివారం ఉదయం పెట్టవద్దు, ఒంగోలులో చర్చికి వెళ్లే కుటుంబాలు చాలా ఉన్నాయి, వాళ్లను మొదటి రోజే దూరం చేసుకున్నట్టవుతుంది. వేసవిలో సాయంత్రం 6 గంటల లోపు ఎవరూ గడప దాటరు. తినేవి తెస్తే మాంసం, గుడ్డు, ఉల్లి దగ్గర ఎవరికో ఒకరికి ఇబ్బంది వస్తుంది, మేము వేరుశనగలు, శనగలు దాటి వెళ్లలేదు. కులం, పార్టీ గురించి బోర్డు పెట్టి నిషేధించవలసిన పనిలేదు గానీ, ఎన్నికల ఏడాది షామియానా ఇస్తాను, ఒక ఫ్లెక్సీ మాత్రం కట్టుకుంటాను అనేవారు తప్పకుండా వస్తారు. మా దగ్గరికి రెండు పార్టీల నుంచీ వచ్చారు. ఇద్దరికీ శనగలు పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చోమన్నాం, ఫ్లెక్సీ మాత్రం కట్టనివ్వలేదు. అపార్ట్‌మెంటు సంఘం సెక్రటరీకి ముందుగా ఒక మాట చెప్పండి, కానీ మెయింటెనెన్స్ బకాయిల చర్చ మీ కూడికలోకి రానివ్వకండి. అది వచ్చిన రోజు నుంచి బకాయి ఉన్నవారు రారు.

డబ్బు వీలైనంత కాలం వసూలు చేయవద్దు, టీ ఎవరి వంతు వారే పెట్టుకోవడం ఉత్తమం. రిజిస్ట్రేషన్ గురించి కూడా తొందర వద్దు. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం ఏడుగురు సభ్యులుంటే సంఘం నమోదు చేసుకోవచ్చు. అయితే నమోదు చేశాక సర్వసభ్య సమావేశం, లెక్కలు, కార్యవర్గం జాబితా అంటూ ఏటా కాగితాలు ఉంటాయి. సంఘం పేరిట బ్యాంకు ఖాతా కావలసినంత డబ్బు చేతులు మారేదాకా ఆ బరువు ఎత్తుకోకండి. జీవితమంతా కాగితాల మధ్య గడిపినవాడి మాటగా దీన్ని తీసుకోండి.

ఇక మొదటి రోజు. ఎవరూ రాకపోవచ్చు. ఫ్లాస్కులో టీ, చదువుకోవడానికి ఒక పుస్తకం తీసుకుని కిందికి వెళ్లి, చెప్పిన గంటన్నరా అక్కడే కూర్చోండి. మధ్యలో లేచి వెళ్లకండి. పై నుంచి బట్టలు ఆరేస్తూ ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారు. రెండో వారం వాళ్లలో ఒకరు “ఏమిటండీ ఇది?” అని దిగివస్తారు. వచ్చినవారికి గోడవారన ఉన్న కుర్చీలు చూపించండి, మీరు లేచి వేయకండి. మూడు నెలలయ్యాక ఇక్కడే మళ్లీ రాయండి. ఎంతమంది వచ్చారన్నది రాయకపోయినా పరవాలేదు, మీరు పుట్టింటికి వెళ్లిన వారం తాళం ఎవరు తీశారో మాత్రం తప్పకుండా రాయండి.